ముసురులో మన్యము

పాంథుడు: శ్రావణమున అరకు పోవుదమనగానే మీ మొగము మారినది, బావగారూ. కారణమడిగినచో వానలందురు; నేను పోవలెననుటకును ఆ వానలే కారణము. అనంతగిరి కొండలను మార్గశిరమున చూచినవారు అసంఖ్యాకులు. వారు వలిసెపూలతో పసుపుబారిన చేల నడుమ నిలుచుండి ఛాయాచిత్రములు తీయించుకొని, బొంగులో కాల్చిన కోడిమాంసము తిని, చలిచలి యనుకొనుచు దిగివత్తురు. వారి యానందమును నేను చులకన చేయను. కాని వారు చూచినది జరిగిపోయిన యొక మహాకార్యముయొక్క ఫలమేగాని కార్యము కాదు. ఆ కార్యము జరుగునది ఆషాఢ శ్రావణ భాద్రపదములందు. వేసవిలో చాపరాయి యొద్ద రాతిపలకపై సన్నగా జారు నీరు వానకాలమున పలకనంతటిని కప్పి పరచుకొని పారును. కటికి జలపాతమునకు ఆ పేరు సార్థకమగునది అప్పుడే. బొడ్డవర దాటి కొండనెక్కు రైలు శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు అను స్టేషనులను గడచి, సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్న శిమిలిగుడను చేరులోపల, ఒక్కొక్క సొరంగమునుండి వెలువడినప్పుడెల్ల మబ్బు మనకు పైనున్నదో, ప్రక్కనున్నదో, క్రిందనున్నదో తెలియని దశ యొకటి వచ్చును. ఆ దశ జనవరి మాసపు ప్రయాణికునకు లభింపదు.

గృహమేధి: ఆ రైలుదారిని మీకొరకు వేయలేదని మొదట జ్ఞాపకముంచుకొనుడు. బైలదిల్లా గనుల యినుపఖనిజమును విశాఖపట్టణపు రేవునకు దింపి జపానునకు పంపుటకై 1960వ దశకమున ఆ కొండలను తొలిచి, మార్గమంతటను 58 సొరంగములు నిర్మించిరి. ఖనిజము తడిసినను జ్వరపడదు. నడిదారిలో బండి నిలిచినను దానికి ఆకలి కాదు. ఇంటియొద్ద దానికొరకు ఎదురుచూచువారు లేరు. మనకట్లు కాదు. ముసురు పట్టినప్పుడు ఆ చరియలు విరిగి పట్టాలపై పడుటయు, రెండు సొరంగముల నడుమ బండ్లు నిలిచిపోవుటయు ఎప్పుడో యొకప్పుడు జరిగిన వింతలు కావు. ఇంచుమించు ఏటేట వినవచ్చు వార్తలే. ఘాటురోడ్డు సంగతి చెప్పనేల? పొగమంచులో మలుపు కానరాదు. మలుపు తిరిగిన పిమ్మట ఎదుటిబండి కానవచ్చును.

పాంథుడు: కాదనను. అయితే అసౌకర్యము వేరు, అపాయము వేరు. బండి నాలుగు గంటలు నిలుచుట అసౌకర్యము. అసౌకర్యమునకు జంకి ఇల్లు కదలనివాడు పెండ్లిండ్లకును పోజాలడు.

గృహమేధి: వేరని గడపలో నిలుచుండి చెప్పుట సులభము. బయలుదేరునప్పుడు ఆ రెండును ఒకే దుస్తులు తొడుగుకొని వచ్చును. 2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారము. పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగి, యాభైమంది వరకు మరణించిరి. అందెక్కినవారిలో అపాయమును వరించి యెక్కినవాడు ఒక్కడైనను ఉండియుండడు. సెలవుదినము, చల్లని వేళ, నిండుగ ప్రవహించు నది: మీరు ఇప్పుడు వర్ణించిన ఆకర్షణలే వారిని పిలిచినవి. 2023 జులైలో ములుగు జిల్లాయందలి ముత్యాలధార చూడబోయినవారు, పోవునప్పుడు సునాయాసముగ దాటిన వాగు తిరుగుదారిలో పొంగుటచేత, పదుల సంఖ్యలో చీకటియడవిలో చిక్కుపడిరి. రక్షకదళములు పోయి వారిని తీసికొనిరావలసివచ్చెను. వారి ప్రాణములు దక్కినవి, మంచిదే. వారిని వెదకబోయినవారి ప్రాణములను ఎవరు పందెము పెట్టిరి? ఆ రాత్రి ఆ జిల్లాలో వరదనీటిలో చిక్కుకొన్న పల్లె యేదైన ఉన్నచో, అచటికి పోవలసిన పడవయు, త్రాడును, మనుష్యులును విహారార్థులకొరకు అడవిలో తిరుగుచుండుట న్యాయమా?

పాంథుడు: ఈ మాటకు నాయొద్ద సమాధానము లేదు, ఉన్నట్లు నటింపను. నదిని నేను వదలుకొంటిని. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరిక యెగురవేయుదురు. ఆ హెచ్చరిక దించినను, జలము పూర్తిగా నెమ్మదించువరకు పడవప్రయాణము తలపెట్టరాదని ఒప్పుకొందును. జలపాతము క్రింద తల పెట్టుట, పొంగిన గెడ్డను ‘మోకాలిలోతే కదా’ యని దాటుట, నాచుపట్టిన బండపై నిలిచి సెల్ఫీ తీసికొనుట, ఇవన్నియు వదలుకొంటిని. ఇంత వదలుకొన్న పిమ్మటను నాకు మిగిలినది కొంత ఉన్నది. కొండమీద ఒక వసతిగృహము, దాని ముందర వసారా, వసారాలో కుర్చీ, ఎదుట వాన. ఆ మాత్రమునకేమి అభ్యంతరము?

గృహమేధి: అభ్యంతరము లేదు, ఆశ్చర్యము మాత్రము ఉన్నది. కుర్చీయు వసారాయు వానయు చాలునన్నచో ఆ మూడును మీ యింట లేవా? నూరుకిలోమీటర్లకు పైగా పోయి, గదికి రెట్టింపు అద్దె చెల్లించి, మీ యింటియందే ఉన్న వస్తువును చూచి వచ్చుటను విహారమందురా?

పాంథుడు: ఇంటియొద్ద వాన మనకు కనిపింపదు, బావగారూ, పనులు మాత్రమే కనిపించును. మేడపైని బట్టలు తీయవలెను. వంటింటి కప్పు ఎచట కారునో అచట గిన్నె పెట్టవలెను. కరెంటు పోయినది, మోటారు ఆడదు. ఆవకాయజాడీ మూత వదులైనదేమో చూడవలెను. పిల్లవానికి బడి యున్నదో లేదో ఎవ్వరికిని తెలియదు. పట్టణమున వాన యనగా మురికికాలువ పొర్లుట. ఇట్లు వాన పడినన్నాళ్లు దానితో వ్యాజ్యమాడుచు, వెలిసిన తరువాత ‘హమ్మయ్య’ అనుకొనువారమైతిమి. రోహిణికార్తెలో రోళ్లు పగులు నేలపై పుట్టి, మృగశిర యెప్పుడు ప్రవేశించునా యని పంచాంగము తిరుగవేయు జాతి మనది. అట్టి మనము మన ఋతువులలో నిజముగ మనదైన దానిని ఒక్క దినమైనను తీరికగా చూడకుండుట నాకు న్యాయముగ తోచదు. దానిని చూచుటకు పనులులేని చోటు కావలెను. ఆ చోటు మన యిల్లు కాజాలదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించినప్పుడు నెమళ్లతోను మెరుపులతోను తృప్తిపడక, తడిసిన కట్టెలు అంటుకొనక పొగతో తంటాలుపడు గృహిణులను గూడ చూపినాడు. చక్రవర్తి కనుక చూడగలిగెను. పొయ్యి ఊదుచున్న ఇల్లాలికి ఆ పద్యము వ్రాయు తీరిక యెక్కడిది?

గృహమేధి: ఎంత చక్కగా చెప్పితిరి! మీ వాదమును మీరే నా చేతికిచ్చితిరి. ఇల్లాలికి తీరిక లేదు, చక్రవర్తికి ఉన్నది. అరకులోయ వసారాలో కూర్చున్న మీరు చక్రవర్తి. మరి ఆ పొయ్యి ఎవరు ఊదుచున్నారు? ఆ కొండమలుపులో ప్లాస్టిక్ పట్టాక్రింద మొక్కజొన్నపొత్తులు కాల్చి, టీ కాచి యిచ్చు స్త్రీ యెవరో యున్నది. కట్టెలు తడిసినవి, కన్నులు మండుచున్నవి, ఆమె యింటికప్పును కారుచునే యుండును, పిల్లవానికి జ్వరమేమో. మీరు వదలి వచ్చిన పనులు ఎచటికిని పోలేదు. మీకంటె ముందుగా బయలుదేరి ఆమె నెత్తిన కూర్చున్నవి. ఇంతటితో ఆగదు. మీరు పచ్చదనమును చూచి పరవశించు ఆ మాసములు మన్యమున గింజలు అడుగంటు మాసములు: పాతపంట తీరిపోయి, కొత్తపంట చేతికిరాని కాలము. మామిడిటెంకల అంబలి త్రాగి అస్వస్థులైనవారి వార్తలు ఏజెన్సీనుండి వచ్చినది ఈ ఋతువునందే. రోడ్డులేని గూడెమునుండి గర్భిణిని డోలీలో మోసికొని, పొంగిన గెడ్డయొద్ద నీరు తగ్గువరకు నిలుచుండునదియు ఈ ఋతువునందే. మన్యపుజ్వరము పేరు వినినంతనే పూర్వపు ఉద్యోగులు ఆ ప్రాంతపు బదిలీని శిక్షగా భావించిరి. దోమతెర, మాత్ర, వేడినీటి గది వచ్చినవి గనుక మనకు నేడది విహారభూమి యైనది. గూడెమునకు ఇంకను అది జ్వరముల కాలమే. ఒకరి కష్టకాలమును ఎన్నుకొని వారి యూరికి వినోదమునకై పోవుట మర్యాద యగునా? ఎవరింటనైన దినకర్మలు జరుగుచుండగా పెరటిలోని పూలు బాగున్నవని చూడబోదుమా?

పాంథుడు: మీరు కఠినముగ మాటలాడితిరి; అందు సగము సత్యము. తక్కిన సగమునుగూర్చి చెప్పనిండు. మీరు చెప్పిన డోలీ వలిసెపూలు చూడబోవువానికి ఎన్నడును కనిపింపదు. మార్గశిరమున గెడ్డలు తగ్గి, దారులు ఆరి, అంతయు అందముగనే యుండును. రిసార్టు ఆవరణలో థింసా నృత్యము చూచి, కాఫీపొడి పొట్లముతో ఇల్లుచేరిన యాత్రికుడు మన్యవాసులు సుఖముగ నున్నారనియే భావించును. శ్రావణమున పోయినవానికి ఆ భ్రాంతి కలుగదు. లోయలోని మడులలో మోకాలిలోతు నీటిలో వంగి ఊడ్పులు ఊడ్చువారిని, వాలుమీద చోడి నాటువారిని, గొడుగులేక సంతకు నడచువారిని చూచును. కాఫీతోటలలో సిల్వర్‌ఓక్ చెట్ల నీడను కాయలింకను పచ్చిగానుండును. ఆ పొట్లమునకు వెనుక ఎన్ని మాసముల తడి యున్నదో అప్పుడు తెలియును. కష్టకాలమున చూడబోవుట అమర్యాద యనుచున్నారు. కష్టకాలమున ముఖము చాటుచేసి, పంట యింటికి వచ్చిన పిమ్మట పోవుట మర్యాద యగునా? చుట్టరికములో అట్టివానిని మనమేమందుము?

గృహమేధి: చుట్టమైనచో చేతితో ఏదైన తీసికొనిపోవును. మీరు తీసికొనిపోవునది కెమెరా.

పాంథుడు: కెమెరా మాత్రమే కాదు. ఇంకొకటి వినుడు. బొర్రా గుహలలోనుండి వెడలు గోస్తనీనది తాటిపూడి జలాశయమున నిలిచి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. ఆ తాటిపూడి నీరు విశాఖపట్టణపు కుళాయిలకును వచ్చును. అనగా, అనంతగిరిపై కురిసిన వానను పట్టణమువాడు గ్లాసులో పట్టుకొని త్రాగుచున్నాడు. అది యెచట పుట్టినదో వానికి తెలియదు. బొర్రాలో అడుగుపెట్టి, పైకప్పునుండి చుక్కచుక్కగా రాలు నీటిని చూడుడు. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సున్నపురాతిని కరిగించుకొని దిగి, దిగినచోట మరల ఆ సున్నమును విడిచిపెట్టును. ఆ విడిచినదే పైనుండి వ్రేలాడు శిలయగును, క్రిందనుండి మొలచు శిలయగును. వేసవిలో ఆ గుహ పూర్వమెవరో నిర్మించి విడిచిన మండపమువలె తోచును. వానకాలమున అది యింకను నిర్మాణములోనే యున్నదని కనులార కనిపించును. తాను త్రాగు నీటికి పుట్టినిల్లు చూడవలెనను కోరికను వినోదమని త్రోసివేయకుడు.

గృహమేధి: పుట్టింటిని చూచి వచ్చువారు అచట విడిచివచ్చు వస్తువులను గూడ లెక్కింపుడు: నీళ్లసీసాలు, చిప్సుపొట్లములు, ఒకసారి తిని పారవేయు పళ్లెములు. గెడ్డ వాటిని గోస్తనికిచ్చును, గోస్తని తాటిపూడికిచ్చును. ఎండకాలమున పారవేసినది పడినచోటనే యుండును. ఎవడో పుణ్యాత్ముడు ఏరివేయవచ్చును. వానలో పారవేసినదానిని ఏరుటకు తావులేదు. మీ భూగర్భశాస్త్రము రమణీయముగ నున్నది. గుహకు ఒక శిల పెరుగుటకు పట్టు కాలముతో పోల్చినచో మన శని ఆదివారములు ఏపాటివి? ఇక పెద్దల మాట. వర్షాకాలమున శ్రీరాముడంతటివాడు సీతాన్వేషణమును ఆపి, దారులు బాగుపడువరకు నాలుగు మాసములు నిలిచియుండెను. రాజులు దండయాత్రలు మానిరి. సన్న్యాసులు చాతుర్మాస్యమనుచు ఒకచోట కాలు నిలిపిరి. బౌద్ధభిక్షువులు వానలలోను ఊరూర తిరిగి లేబైరులను, పురుగులను త్రొక్కుచున్నారని జనులు దూషింపగా, బుద్ధుడు మూడుమాసముల వర్షావాసమును విధించెనని వినయపిటకము చెప్పుచున్నది. సర్వసంగపరిత్యాగులనే తిరుగవలదన్న కాలమున, కారువేసికొని మనము పచ్చని మొలకపైబడుటయా?

పాంథుడు: ఈ సాక్షులను పిలుచుటకు ముందు మీరు వారి చిరునామాలు చూడలేదు! శ్రీరాముడు నాలుగు మాసములును ఎచటనుండెను? ఊరిలోనికి రానని, కొండగుహలో. రామాయణమునందలి ఆ వర్షవర్ణనమంతయు కొండపైనుండి చూచినది. కిష్కింధానగరపు మేడమీదినుండి చూచినది కాదు. భిక్షువుల సంగతియు నంతే. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ బావికొండను, తొట్లకొండను చూచితిరి కదా. సముద్రమునకెదురుగ కొండనెత్తములపై విహారములు కట్టుకొని, వాననీరు నిలుచుటకు రాతిలో తొట్లు తొలిపించుకొనిరి. వాన వచ్చినదని ఊరినడిమి యింటికి పరుగెత్తలేదు. వానకు తగిన చోటును కొండపై కల్పించుకొనిరి. వారు నిషేధించినది సంచారమును, నివాసమును కాదు. ఇచట నా మాటను కొంత దిద్దుకొందును: ఉదయమున బొర్రా, మధ్యాహ్నమున కాఫీతోట, సాయంకాలము చాపరాయి, రాత్రికి ఇల్లు అను ఒకరోజు ప్యాకేజీని నేను సమర్థింపను. ఒకచోటికి పోవలెను, పోయినచోట కదలక యుండవలెను.

గృహమేధి: ఎన్నాళ్లు? భిక్షువునకు మూడుమాసములు. మీకు శని, ఆదివారములు. పై అధికారి దయదలచినచో సోమవారము. నిలకడయే ధర్మమన్నచో ఆ ధర్మమునకు సెలవు మంజూరుచేయువారు లేరు. మన సాహిత్యమున విహారయాత్రకు పోయినవారిలో ప్రవరాఖ్యుడు అగ్రగణ్యుడు. నిత్యాగ్నిహోత్రి, ఇల్లు విడువనివాడు, సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమాలయమునకు పోయెను. పసరు మంచుకు కరిగిపోయెను. ఇక తిరుగుదారి లేదు. ఆ తరువాతి చిక్కులు మీరెరిగినవే. కొండవాతావరణము తిరుగుప్రయాణమునకు పూచీపడదని పెద్దన ఏనాడో హెచ్చరించెను.

పాంథుడు: (నవ్వుచు) పెద్దన హెచ్చరించినది తొందరపాటునుగూర్చి. మిట్టమధ్యాహ్నమగుసరికి ఇంటికిపోయి, తక్కిన వింతలను రేపు వచ్చి చూతుననుకొన్నవానికి ఆ గతి పట్టినది. రాత్రికి ఉండుటకు సిద్ధపడి పోయినవానికి పసరు కరిగినను భయమేమి? అయినను మీ ప్రశ్న ప్రశ్నయే. రెండు దినములలో నిలకడ యెట్లు సాధ్యమని అడుగుచున్నారు. పూర్తిగా సాధ్యము కాదు. కాని రెండు దినములు ఒకే వసారాలో కూర్చుండుటకును, రెండు దినములలో పదునాలుగు స్థలములు చూచుటకును భేదము లేదనకుడు.

గృహమేధి: భేదమున్నదని అంగీకరించితిని. మీరు నదిని విడిచితిరి, నేనిది విడిచెదను. అపాయముమాటయు కొంత తగ్గించుకొందును. వాతావరణశాఖ హెచ్చరిక చూచి, రైలులో పోయి, కదలక కూర్చుండువానికి పట్టణపు రోడ్డుమీద కంటె ఎక్కువ ప్రమాదము లేకపోవచ్చును. కాని ఆ పొయ్యియొద్ది స్త్రీని మీరు దాటిపోయితిరి. నీటి పుట్టినిల్లు చూపితిరి, గుహలు చూపితిరి, తొట్లకొండ చూపితిరి, ఆమెయొద్దకు తిరిగిరాలేదు.

పాంథుడు: దాటిపోలేదు. ఆమెనుగూర్చి మనమిద్దరమును మాటలాడితిమేగాని, ఆమెను అడిగినవారు లేరు. వానలలో జనులు రావలెనా వలదా యని అడిగినచో ఆమె రమ్మనునేమో. పర్యాటకులు లేని ఆ మాసములలో పొత్తులు కొనువాడు దొరకుటయే కష్టము. జీపు నడుపువాడు, గది ఊడ్చువాడు, బొంగులు కొట్టితెచ్చువాడు అందరును ఆ మాసములలో అప్పులపై బ్రతుకుదురు. మీరు సానుభూతితో ఇంటనుండిపోవుదురు. ఆ సానుభూతి వారికి చేరునది గిరాకీలేని దినముగా.

గృహమేధి: ఆమె రమ్మనును, సందేహము లేదు. గింజలు నిండుకొన్న యింటివారు ఎవరిని రావద్దందురు? ఆమెకు కావలసినది పది రూపాయలు గనుక రమ్మనుచున్నదా, మీరు కావలెనని రమ్మనుచున్నదా? అవసరముచేత పలికిన ఆహ్వానమును అనుమతిగా స్వీకరించి, నిశ్చింతగా కుర్చీలో వ్రాలుటకు మీకు మనసొప్పునా?

పాంథుడు: నిశ్చింతగా ఒప్పదు. ఆ కలత నాతో రైలెక్కును. కిటికీప్రక్కనే కూర్చుండును గూడ. అయినను నేను పోవుదును. పోయి, టీ త్రాగి, పది రూపాయలకు పది రూపాయలేకాక మరికొంత యిచ్చి, కట్టెలు తడవకుండ మంచి టార్పాలిన్ పట్టా యొకటి ఈసారి తీసికొనిపోవుదును. కెమెరాతోబాటు చుట్టమువలె చేతిలో ఏదైన ఉండవలెనని మీరేకదా అంటిరి. అది చాలదని నాకును తెలియును, బావగారూ. కాని ఒక్కటి చెప్పుడు: మీరు ఇంటనుండుటచేత ఆమె కట్టెలు ఆరునా?